వెళ్లొస్తానని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చదివాను. ఇంగ్లీషులో మాట్లాడటం వచ్చింది గానీ మాట ముగించడం రావట్లేదన్నావు. చివర్లో ఏమనాలో తెలియక 'ఓకే ఓకే' అంటూ ఉండిపోతున్నానని, లేదంటే ఠక్కున 'బై' చెప్పి పెట్టేసి, అవతలివాళ్లు ఏమనుకున్నారోనని టెన్షన్ పడుతున్నానని రాశావు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లతో ఫోన్లోనూ, ఎదురుగానూ పని చేసినదాన్ని. మొదట్లో నాకూ ఇదే ఇబ్బంది, చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు. అందుకే నీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలుగులో ఫోన్ పెట్టేసేముందు మనం 'ఉంటాను మరి' అంటాం. ఉంటానంటే ఇక పెట్టేస్తానని అర్థమని మనకెవరూ నేర్పలేదు, విని విని అదే వచ్చింది. ఇంగ్లీషులోనూ అలాంటి మాటలే ఉన్నాయి. వాటిని విడివిడిగా పదాల అర్థం చూసుకుంటే బోల్తా పడతాం. నేను పడ్డాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. పక్క విభాగంలో ఆయన ఒకరు నా టేబుల్ దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. కాసేపటికి 'వెల్, ఐల్ లెట్ యు గెట్ బ్యాక్ టు ఇట్' అన్నారు. నాకు పనుందని మొహమాటపడుతున్నారు కాబోలనుకుని 'నో నో, ఐ యామ్ ఫ్రీ' అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగారు. కాఫీ కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. మళ్లీ ఏదో మాట ఎత్తుకుని ఇంకో పది నిమిషాలు అలాగే నిలబడ్డారు. 'ఇక నేను వెళ్తాను' అని ఆయన చెప్పిన తీరు అదని నాకు తెలిసేసరికి చాలా నెలలు పట్టింది. ఫోన్లో 'ఐల్ లెట్ యు గో' అన్నా, 'ఐ వోంట్ కీప్ యు' అన్నా ఇంతే. వెళ్లాలని ఉన్నది వాళ్లకే, కానీ మన టైమ్ పాడుచేయకూడదన్నట్టు చెప్తారు. అలా వినపడగానే 'ఓకే, గుడ్ టాకింగ్ టు యు' అనేసెయ్. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

నువ్వు ముందుగా పట్టుకోవాల్సిందొకటి ఉంది. ఇంగ్లీషులో మాట ఒక్కసారిగా ఆగదు, రెండు మెట్లు దిగి ఆగుతుంది. మొదటి మెట్టులో 'ఇక అయిపోవచ్చింది' అన్న సూచన, రెండో మెట్టులో 'బై'. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, హార్వీ శాక్స్ అనే ఇద్దరు అమెరికన్ సోషియాలజిస్టులు 1973లో సరిగ్గా దీనిమీదే ఒక వ్యాసం రాశారు. 'వెల్', 'ఓకే', 'సో' లాంటి చిన్న మాటని గొంతు కాస్త దించి అంటే, నా దగ్గర కొత్తగా చెప్పడానికేం లేదు, నీ దగ్గర ఏమైనా ఉందా అని అడిగినట్టు. అవతలివాళ్లు కూడా 'ఓకే' అంటే ఇద్దరూ ఒప్పుకున్నట్టే, ఇక బై చెప్పుకోవచ్చు. వాళ్లకి ఇంకో విషయం గుర్తొస్తే అప్పుడే ఎత్తుతారు. మొదటి మెట్టు వదిలేసి నేరుగా బై అంటే ఆ అవకాశం వాళ్లకి ఇవ్వనట్టవుతుంది. నీ బై ఠక్కుమని వినపడటానికి కారణం అదే, నీ యాస కాదు.

రేపు ఆఫీసు కాల్‌లో ఇలా చేసి చూడు. పని మాటలు అయ్యాయి, చిన్న మౌనం వచ్చింది. నువ్వు 'ఆల్‌రైట్, సో ఐల్ సెండ్ యు ద ఫైల్ బై ఫ్రైడే' అను. మాట్లాడుకున్నదాన్ని ఒక్క ముక్కలో తిరిగి చెప్పడమే ముగింపుకి మంచి గుర్తు. వాళ్లు 'పర్ఫెక్ట్' అంటారు. 'గ్రేట్, థ్యాంక్స్ ఫర్ యువర్ టైమ్' అను. వాళ్లు 'థ్యాంక్ యు, టేక్ కేర్' అంటారు. 'యు టూ, బై'. ఇదంతా కలిపి పది సెకన్లు పట్టదు. ఈ నాలుగు మాటలూ గట్టిగా పలికి అలవాటు చేసుకో తల్లీ, మనసులో అనుకుంటే నోరు తిరగదు.

స్నేహితులతో అయితే 'ఎనీవే' ఒక్కటి చాలు. కొంచెం సాగదీసి, 'ఎనీవే, ఐ షుడ్ గెట్ గోయింగ్'. 'షుడ్' అనడంలోనే వెళ్లాలని లేదుగానీ తప్పదన్న భావం ఉంది. 'ఐ వాంట్ టు గో' అంటే మాత్రం విసుగొచ్చి వెళ్తున్నట్టు వినపడుతుంది, అలా అనకు. కారణం చెప్పాలనిపిస్తే ఒక్కటే, పొట్టిగా చెప్పు: 'ఐ హావ్ ఎ మీటింగ్ ఎట్ త్రీ'. మనకి కారణాలన్నీ ఏకరువు పెట్టడం మర్యాద అనిపిస్తుంది. ఇంగ్లీషులో అది సంజాయిషీలా ఉంటుంది. లేని పని కల్పించి మాత్రం చెప్పకు. కారణం చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

కొన్ని పొరపాట్లు చకచకా చెప్పేస్తాను. 'ఐ విల్ గో అండ్ కమ్', 'ఐ యామ్ కీపింగ్ ద ఫోన్' మన తెలుగులోంచి వచ్చినవి, బయటివాళ్లకి అర్థం కావు. 'గుడ్ నైట్' కలిసినప్పుడు అనేది కాదు, విడిపోయేటప్పుడే. మొదటిసారి పరిచయమైనప్పుడు 'నైస్ టు మీట్ యు', వెళ్లేటప్పుడు 'నైస్ మీటింగ్ యు'. 'సీ యు లేటర్' అంటే మళ్లీ వస్తామని కాదు. 'లెట్స్ కాచ్ అప్ సమ్‌టైమ్' అంటే రమ్మని పిలిచినట్టూ కాదు, ఏ రోజో, ఏ టైమో చెప్తేనే పిలుపు.

ఎంతకీ ఆపని మనిషి దొరికితే ఏం చేయాలని అడిగావు. ఊపిరి తీసుకునే సందు కోసం చూడు. వాళ్లు చెప్తున్నదాన్నే పట్టుకుని, 'ఐ వాంట్ టు హియర్ ద రెస్ట్ ఆఫ్ దిస్, బట్ ఐ హావ్ టు రన్. కెన్ ఐ కాల్ యు టుమారో?' అను. అన్నాక నిజంగా ఫోన్ చెయ్యి. చేసే ఉద్దేశం లేకపోతే ఆ చివరి ముక్క తీసెయ్. పదిమంది ఉన్న ఆన్‌లైన్ మీటింగ్‌లో ఇంత తతంగం అక్కర్లేదు, 'ఐ హావ్ టు డ్రాప్, థ్యాంక్స్ ఎవ్రీవన్' చాలు.

నువ్వు ముగిస్తే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని భయపడకు. అమెరికాలో కొందరు పరిశోధకులు తొమ్మిదొందలకు పైగా సంభాషణలు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసినవి 2 శాతం దాకా మాత్రమే ఉన్నాయి. చాలాసార్లు ఎదుటివాళ్లు కూడా ఎవరు ముందు లేస్తారా అని చూస్తూ ఉండొచ్చు.

ఆదివారం నాకు ఫోన్ చెయ్యి, మొదటినుంచీ ఇంగ్లీషులోనే మాట్లాడుకుందాం. నాకు కబుర్లు సాగదీసే అలవాటుందని తెలుసుగా, పది నిమిషాలయ్యాక నువ్వే 'ఎనీవే' అను. నేను అందుకుంటాను.

మీ పెద్దమ్మ