గట్టు కట్టే ముందు ఇసుక ఎటు పోతోందో చూడండి
తీరం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది కాకినాడ జిల్లాలో ఉప్పాడ దగ్గరి మత్స్యకార గ్రామం. తుపాను వచ్చినప్పుడల్లా కొన్ని ఇళ్ళు సముద్రంలో కలుస్తున్నాయి. ఊరి ముందు రాళ్ళ గట్టు వేయించమని అర్జీ పెట్టాలనుకుంటున్నాం. గట్టు వేస్తే కోత ఆగుతుందా? ఎలాంటిది అడగాలి?

జవాబు: గట్టు దాని వెనకున్న నేలను కొంతకాలం కాపాడుతుంది. ముందున్న ఇసుకను మాత్రం కాపాడలేదు. అర్జీ రాసే ముందు ఊళ్ళో అందరికీ ఈ తేడా తెలియాలి. ఇసుక పోతే పడవ లాగే చోటు, వల ఆరేసే చోటు కూడా పోతాయి.

మన తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. నైరుతి గాలుల కాలంలో, అంటే సుమారు మార్చి నుంచి అక్టోబరు దాకా, కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా తగిలి ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య గాలుల నెలల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఎక్కువ ఇసుక ఉత్తరానికే పోతుంది. ఈ నడకకు అడ్డంగా ఏది కట్టినా దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత మొదలవుతుంది. చెన్నై రేవు కట్టాక దక్షిణాన మెరీనా తీరం వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు నేల కోసుకుపోయింది. విశాఖలో రేవు దగ్గర పోగుపడే ఇసుకను తవ్వి రామకృష్ణా బీచ్‌కు చేర్చాల్సి వస్తున్నదీ ఇందుకే. మీ దగ్గర మరో రెండు కారణాలు కలిశాయి. గోదావరి మీద ఆనకట్టలు వచ్చాక నది తెచ్చే ఒండ్రు తగ్గింది. దానికితోడు కాకినాడకు ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఇసుక నడకను, కెరటాల దిశను రెండింటినీ మార్చింది. ఆ దిబ్బ కాకినాడకు కవచం. దాని చాటు దాటిన చోట మీ ఊళ్ళున్నాయి.

ఇక గట్టు సంగతి. నిట్టనిలువు గోడకు తగిలిన కెరటం అంతే బలంగా వెనక్కి తిరిగి గోడ కాలి దగ్గర ఇసుకను తోడేస్తుంది. కాలు ఖాళీ అయితే గోడ ముందుకు ఒరుగుతుంది. వాలుగా పేర్చిన రాళ్ళ గట్టు కొంత మేలు. అయితే రాళ్ళను నేరుగా ఇసుక మీద పోయకూడదు. ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి ఇసుకను ఆపేది), దాని మీద చిన్న రాయి, ఆపైన పెద్ద రాయి ఉండాలి. అడుగున గుడ్డ లేకపోతే రాళ్ళ సందుల్లోంచి ఇసుక జారిపోయి ఒకటి రెండు తుపానుల్లోనే గట్టు కుంగుతుంది. వాలు నిలువు 1కి అడ్డం 2 కంటే నిటారుగా ఉండకూడదు. కాలు ఇసుక మట్టం కంటే లోతుకు దిగి ఉండాలి. ఉప్పాడలో వేసిన జియోట్యూబు (ఇసుక నింపిన పొడవాటి గుడ్డ గొట్టం) గోడ చిరగడం, కుంగడం మీరు చూసే ఉంటారు. ట్యూబు చిరిగితే లోపలి ఇసుక పోతుంది, పక్క ట్యూబుకు ఆనిక ఉండదు. అక్కడి నుంచి గోడ వరసగా జారుతుంది.

ఇంతా చేసి గట్టు నిలబడినా, అది ఆగిన చోట పక్క ఊరికి కోత మొదలవుతుంది. అందుకని ఒక్క ఊరు అర్జీ పెట్టడం మంచిది కాదని మా గట్టి అభిప్రాయం. ఉత్తరాన ఉన్న రెండు మూడు ఊళ్ళను కలుపుకుని అర్జీ పెట్టండి. అందులో మూడు విషయాలు అడగండి: కనీసం ఒక ఏడాది కెరటాల, ఇసుక కొలతలు, గట్టు ఉత్తరపు చివర ఏం జరుగుతుందో అంచనా, దగ్గర్లో ఏ రేవులో పూడిక తీసినా అందులోని ఇసుకను మీ తీరానికి చేర్చే ఏర్పాటు. ఆ ఇసుక రేణువు మీ తీరపు ఇసుకంత లావుగానో, అంతకంటే లావుగానో ఉండాలి. సన్న ఇసుక, బురద ఒక్క కాలంలోనే కొట్టుకుపోతాయి.

ఈలోగా మీరే కొలవడం మొదలుపెట్టండి. ఖర్చు లేని పని. మీటరున్నర పొడవున్న రెండు కర్రలు తీసుకుని సెంటీమీటర్ల గీతలు పెట్టండి. వాటి మధ్య 2 మీటర్ల తాడు కట్టండి. కదలని గుర్తు ఒకటి, గుడి గోడో సిమెంటు స్తంభమో, ఎంచుకుని అక్కడి నుంచి నీటి వైపు నడవండి. రెండు కర్రల్నీ నిలువుగా పట్టాలి. ఒడ్డు వైపు కర్ర దగ్గర నిలబడిన మనిషి సముద్రం వైపు కర్ర కొనను ఆకాశం, నీరు కలిసే గీతతో కలిపి చూడాలి. ఆ చూపు తన కర్రను పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద తాకితే నేల అంత దిగినట్టు. నేల సముద్రం వైపు ఎక్కుతున్న చోట తన కర్ర కొన మీదుగా చూసి, ఎదుటి కర్ర మీద కొలత తీసుకోవాలి. కొలత రాసుకుని కర్రల్ని ముందుకు జరపండి. నెలకోసారి, అమావాస్య నాడు సముద్రం వెనక్కి తగ్గిన పాటు వేళ, మూడు చోట్ల కొలవండి. తుపాను వెళ్ళిన వారంలో అదనంగా ఒకసారి కొలవండి. నవంబరులో పోయిన ఇసుక ఫిబ్రవరి, మార్చి నాటికి కొంత తిరిగి రావచ్చు. తుపాను మర్నాడు తీసిన ఒక్క కొలతే చూపిస్తే అధికారులు దాన్ని సులువుగా పక్కన పెట్టేస్తారు. పన్నెండు నెలల వరస కొలతల్ని అలా పక్కన పెట్టలేరు.

ప్రశ్న: బాపట్ల జిల్లాలో సముద్రానికి 300 మీటర్ల దూరంలో స్థలం కొనాలనుకుంటున్నాను. పట్టా ఉంది కనుక సీఆర్‌జెడ్ వర్తించదని అమ్మేవారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. పట్టా భూమి ఎవరిదో చెబుతుంది, అక్కడ ఏం కట్టవచ్చో చెప్పదు. సముద్రపు పోటు గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా తీర క్రమబద్ధీకరణ మండలమే (సీఆర్‌జెడ్ అంటే ఇదే). ఈ పోటు గీత మీరు చూసిన రోజున కెరటం తాకిన గీత కాదు. చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం గుర్తించి పటంలో గీసినది. అడుగులు వేసి కొలిచినది చెల్లదు.

2019 జనవరి 18 నాటి సీఆర్‌జెడ్ ప్రకటన ప్రకారం, 2011 జనగణనలో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామీణ ప్రాంతంలో మొదటి 50 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం. అంత జనం లేని చోట 200 మీటర్ల దాకా నిషేధం. సంప్రదాయ తీరవాసుల ఇళ్ళకు 100, 200 మీటర్ల మధ్య వెసులుబాటు ఉంది. కొత్త ప్రకటన ప్రకారం మీ జిల్లా తీర నిర్వహణ పటం ఆమోదం పొందిందో లేదో ముందు కనుక్కోండి. పొందేదాకా 2011 నాటి నిబంధనలే నడుస్తాయి. మీరు ఉండడానికి కట్టుకునే ఇల్లు 300 చదరపు మీటర్లలోపు అయితే కొత్త ప్రకటనలో స్థానిక సంస్థ అనుమతి చాలు. దాన్ని గెస్ట్‌హౌస్‌గా మార్చాలనుకుంటే ఆ వెసులుబాటు పనికిరాదు.

స్థలం పక్కన ఉప్పుటేరు ఉంటే అది వేరే లెక్క. కొత్త ప్రకటనలో ఏరు ఒడ్డు నుంచి 50 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది. 2011 ప్రకటనలో ఇది 100 మీటర్లు. పోటు ప్రభావం ఏటి పైకి ఎంతదాకా ఉన్నట్టో ఎండాకాలపు ఉప్పదనంతో తేలుస్తారు: లీటరు నీటిలో 5 గ్రాముల ఉప్పు ఉన్న చోటిదాకా. సర్వే నంబరు పట్టుకుని గ్రామ పటం మీద ఈ గీతలు వేయించుకున్నాకే బయానా ఇవ్వండి.

ప్రశ్న: మా పంచాయతీ తీరం వెంట సరుగుడు నాటాలనుకుంటోంది. మా స్వచ్ఛంద సంస్థ మడ మొక్కలే నాటాలంటోంది. ఏది సరి?

జవాబు: రెండూ ఒకే నేలకు పనికిరావు కనుక ఇందులో పోటీ లేదు. కెరటాలు బాదే ఇసుక తీరంలో మడ బతకదు. దానికి బురద నేల, నెమ్మదిగా వచ్చిపోయే పోటు కావాలి. ఏటి మొగల లోపల, కోరింగ లాంటి చోట్లే అది నిలుస్తుంది.

ఇసుక తీరంలో మొదటి వరసలో చెట్లు వద్దు. పోటు గీతకు ఎగువన ఉన్న దిబ్బను బాలబంద తీగ, రావణాసురుని మీసాల గడ్డి పట్టి ఉంచుతాయి. ఇవి ఇసుకలో కూరుకుపోయినా మళ్ళీ పైకి పాకుతాయి. తుపానులో దిబ్బ తన ఇసుకను కెరటానికి అప్పగించి ఊరిని కాపాడుతుంది, తరువాత నెమ్మదిగా పూడుకుంటుంది. దాన్ని చదును చేసి సరుగుడు వేస్తే ఆ నిల్వ పోతుంది. వచ్చే ఇసుకను చెట్లు లోపలే ఆపేస్తాయి. తాబేళ్ళ గుడ్లకు చోటూ ఉండదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువగా గుడ్లు పెడతాయి. ఒక గూట్లో సుమారు 100 గుడ్లు ఉంటాయి, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. కాబట్టి సరుగుడును పోటు గీతకు కనీసం 50 మీటర్లు లోపలికి జరిపి, దిబ్బ వెనక నాటండి. తీరానికి ఎదురుగా బోరున తెరిచిన దారులు వదలకండి. అక్కడి నుంచే గాలి, ఉప్పెన నీరు లోపలికి దూసుకొస్తాయి.

మడ నాటే చోట సామాన్యంగా జరిగే తప్పు, పోటు నీరు చేరని ఉప్పు చవుడులో నాటడం. అక్కడ ఎండాకాలంలో ఉప్పు పేరుకుని మొక్క మాడిపోతుంది. మన రాష్ట్రంలో కుదిరిన పద్ధతి చేప ముల్లు ఆకారపు కాలువలు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి 45 డిగ్రీల కోణంలో పిల్ల కాలువలు తవ్వుతారు. నీరు పోటుకు నిండి పాటుకు ఖాళీ కావాలి. మొక్కను అడుగున కాకుండా, గట్టు మీద కాకుండా, కాలువ వాలు మధ్యలో నాటాలి. కాలువ పూడితే మొక్క పోతుంది కనుక మొదటి రెండు మూడేళ్ళు పూడిక తీయడానికి డబ్బు పక్కన పెట్టండి. చాలాచోట్ల నాటడానికే ఖర్చు రాస్తారు, పూడికకు రాయరు. తెల్లమడ ఉప్పును బాగా తట్టుకుంటుంది, దానితో మొదలుపెట్టండి. ఉప్పుపొన్న జాతి నీటి అంచున వేయండి. ఆ చుట్టుపక్కల తిల్ల చెట్లుంటే పనివాళ్ళను హెచ్చరించండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

ప్రశ్న: మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు పెరిగి మంచినీటి బావి ఉప్పగా మారింది. ఎవరిని అడగాలి?

జవాబు: ముందు ఆ చెరువులకు తీర ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు ఉందో లేదో మత్స్యశాఖలో అడగండి. 2005 చట్టం కింద నమోదు తప్పనిసరి. మార్గదర్శకాల ప్రకారం 500 మందికి మించి జనం ఉన్న ఊరికి 300 మీటర్లు, అంతకంటే చిన్న ఊరికి 100 మీటర్లు, తాగునీటి వనరుకు 100 మీటర్లు ఎడం ఉండాలి. సీఆర్‌జెడ్ లోపల 5 హెక్టార్లు, బయట 10 హెక్టార్లు దాటిన చెరువులకు మురుగు శుద్ధి చెరువు కావాలి. అది సాగు విస్తీర్ణంలో కనీసం పదో వంతు ఉండాలి. చిన్న చెరువులు విడివిడిగా ఈ లెక్కలోకి రావు. అందుకే పది మంది చిన్న రైతులు కలిసి ఉమ్మడి శుద్ధి చెరువు పెట్టుకోవడం ఊరికీ వాళ్ళకీ మంచిది. ఒకరు వదిలిన నీటినే మరొకరు తోడుకుంటే తెల్లమచ్చ రోగం ఒక చెరువు నుంచి అన్ని చెరువులకూ పాకుతుంది. ఫిర్యాదుకు బావి నీటి ఉప్పదనం నెలనెలా రాసిన పట్టిక జత చేయండి. చెరువు నింపిన తేదీలు, ఖాళీ చేసిన తేదీలు పక్కనే రాయండి.

ప్రశ్న: తీర నిర్వహణ పటం మీద మా అభిప్రాయం చెప్పమన్నారు. చదువుకోని మత్స్యకారులం అందులో ఏం చెప్పగలం?

జవాబు: ఆ పటంలో లేనిది మీకే తెలుసు. మత్స్యకార గ్రామాలు, వారి ఉమ్మడి స్థలాలు, చేపలు ఆరబెట్టే చోట్లు, రేవులు, ఐసు ఫ్యాక్టరీలు, చేపలు గుడ్లు పెట్టే ప్రాంతాలు పటంలో గుర్తించాలని సీఆర్‌జెడ్ ప్రకటనలోనే ఉంది. ఊరు పెరిగితే ముందు ముందు ఇళ్ళకు ఎక్కడ చోటో చూపే ప్రణాళిక కూడా అందులో భాగం. పటంలో ఖాళీగా కనిపించిన ఇసుక రేపు రిసార్టుకో రోడ్డుకో ఖాళీ జాగాగానే లెక్కకొస్తుంది.

గ్రామ పటం పెద్ద నకలు తీసి రచ్చబండ మీద పరవండి. పడవలు లాగే చోటుకు ఒక రంగు, వలలు ఆరేసే చోటుకు ఒకటి, చేపలు ఎండబెట్టే చోటుకు ఒకటి. ఆడవాళ్ళను తప్పక పిలవండి, చేపలు ఎండబెట్టే చోటు, అమ్మకానికి నడిచే దారి వాళ్ళు గుర్తించినట్టు మగవాళ్ళు గుర్తించలేరు. కాలాన్ని బట్టి మారేవి రెండుసార్లు గీయండి, ఏ నెలల్లో వాడతారో పక్కన రాయండి. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, అప్పుడు పట్టే చోటు మామూలు రోజుల కంటే చాలా ఎక్కువ. ఆ కొలతే పటంలోకి ఎక్కాలి. ప్రతి చోటుకూ ఫోన్‌లో జీపీఎస్ అంకెలు, ఫోటో తీసుకోండి. గ్రామసభ తీర్మానంతో జిల్లా స్థాయి బహిరంగ విచారణలో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోండి. నోటి మాట మినిట్స్‌లో ఒక్క వాక్యమైపోవచ్చు. తీర్మానం జత చేసిన పటాన్ని మాత్రం ఫైల్లో పెట్టుకోక తప్పదు.