సార్ లాగిన్‌లో నడుస్తుంది, పిల్లలకే నడవదు
కంప్యూటర్ సందేహాలు – సమాధానాలు

(కమాండ్లను ఇక్కడ తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెప్పాం.)

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో అందరం ఒకే ఉబుంటు సర్వర్‌లోకి లాగిన్ అవుతాం. మార్కులు కూడే స్క్రిప్టు నా హోమ్ ఫోల్డర్‌లో ఉంది. 20.04లో అందరికీ నడిచింది. 22.04 కొత్తగా వేశాక నాకు తప్ప ఎవరికీ నడవడం లేదు. పేరు కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’, పూర్తి దారి కొడితే ‘పర్మిషన్ డినైడ్’ వస్తోంది. ఫైలుకు 777 (అందరికీ అన్ని హక్కులు) ఇచ్చినా అంతే. – అనంతపురం

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిదానిలో షెల్‌కు (మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఫైలే దొరకలేదు. రెండోదానిలో ఫైలు ఎక్కడుందో చెప్పినా నడిపే హక్కు లేదు. ఎర్రర్ వచ్చిన వెంటనే ‘ఎకో $?’ కొడితే మొదటిదానికి 127, రెండోదానికి 126 కనిపిస్తుంది.

126 ఎందుకొచ్చిందంటే, ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లకు 755 (ఓనర్‌కు అన్నీ, మిగతావాళ్లకు చదవడం, లోపలికి వెళ్లడం) బదులు 750 (బయటివాళ్లకు ఏ హక్కూ లేదు) హక్కులు వస్తున్నాయి. బయటివాళ్లు గడప దాటలేరు. లోపలి ఫైలుకు 777 ఇవ్వడమంటే వీధి తలుపుకు తాళం వేసి బీరువా తెరిచిపెట్టడమే. దారిలోని ప్రతి ఫోల్డర్‌కూ ఎక్స్ హక్కు (ఫోల్డర్‌లోకి వెళ్లే, ఫైలును నడిపే హక్కు) ఉండాలి. ‘నేమ్‌ఐ -ఎల్’ పక్కన ఫైలు పూర్తి దారి ఇవ్వండి, ఏ మెట్టు దగ్గర ఆగిందో వరసగా కనిపిస్తుంది.

హోమ్ ఫోల్డర్‌ను అందరికీ తెరవకండి. స్క్రిప్టునే /ఆప్ట్/టూల్స్ లోకి మార్చి, ఓనర్‌గా రూట్‌ను (సర్వర్ నిర్వాహక ఖాతా) పెట్టి, ఫోల్డర్‌కూ ఫైలుకూ 755 ఇవ్వండి. 777 ఉంటే ఏ పిల్లవాడైనా స్క్రిప్టులో ఒక లైను చేర్చగలడు. తర్వాత మీరు నడిపినప్పుడు ఆ లైను మీ హక్కులతో నడుస్తుంది. అసలే మార్కుల స్క్రిప్టు!

ఇక 127. పాత్ (షెల్ కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) లైను మీ ఒక్కరి బ్యాష్‌ఆర్‌సీలో (షెల్ సెట్టింగుల ఫైలు) ఉంటుంది కాబట్టి మీకు దొరికింది. ‘ఎల్ఎన్ -ఎస్’తో /యూఎస్ఆర్/లోకల్/బిన్ లో లింకు పెడితే అందరికీ దొరుకుతుంది. ఆ ఫోల్డర్ అందరి పాత్‌లోనూ ముందే ఉంటుంది, ఉబుంటులో సుడోకు (రూట్ హక్కులతో నడిపే కమాండ్) కూడా. లింకు ఇచ్చేటప్పుడు స్క్రిప్టు పూర్తి దారి రాయాలి, సగం దారి రాస్తే తెగిన లింకే మిగులుతుంది. మార్చాక మీ టెర్మినల్ ఇంకా పాత చోటే వెతుకుతుంటే ‘హ్యాష్ -ఆర్’ కొట్టండి.

ప్రశ్న: విండోస్‌లో సరిదిద్దిన పైథాన్ స్క్రిప్టును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి లినక్స్‌లో నడిపితే ‘నో సచ్ ఫైల్’ అంటోంది. ఫైలు కళ్లెదుటే ఉంది. – ప్రొద్దుటూరు

జవాబు: లేదన్నది మీ ఫైలును కాదు, మొదటి లైనులో రాసిన పైథాన్3ను. విండోస్ ఎడిటర్ ప్రతి లైను చివరా కంటికి కనబడని సీఆర్ అక్షరం కూడా పెడుతుంది. లినక్స్ దాన్ని పేరులో భాగం అనుకుని, అలాంటి పైథాన్ కోసం వెతుకుతుంది. ‘క్యాట్ -ఏ’ (ఏ పెద్దక్షరం) కొడితే లైన్ల చివర ^ఎం గుర్తు బయటపడుతుంది. ‘డాస్2యునిక్స్’ ఒక్కసారి నడిపితే పోతుంది. మళ్లీ రాకుండా వీఎస్ కోడ్ కింది పట్టీలో సీఆర్ఎల్ఎఫ్ (విండోస్ పద్ధతి లైను ముగింపు) అన్నచోట ఎల్ఎఫ్ (లినక్స్ పద్ధతి) ఎంచుకుని సేవ్ చేయండి. బీఓఎంతో (ఫైలు మొదట్లో చేరే కనబడని గుర్తు) సేవ్ చేసినా మొదటి లైను పనిచేయదు.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఎక్స్ హక్కు కూడా నిలవదు. టార్ కట్టి (ఫైళ్లను హక్కులతో సహా ఒకే మూటగా చేసి) తీసుకెళ్లండి.

ప్రశ్న: డెబియన్ 12 లినక్స్‌లో పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే సాధనం) ఇన్‌స్టాల్ కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఆగిపోతోంది. – కర్నూలు

జవాబు: సిస్టమ్ పైథాన్ ఏపీటీ (డెబియన్ ప్యాకేజీలు వేసే సాధనం) చేతిలో ఉంది, పిప్ దాన్ని కదిలించకూడదని ఈ కట్టడి. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ పేరులోనే ఏం జరుగుతుందో ఉంది, దాని జోలికి వెళ్లొద్దు. ఏపీటీతో పైథాన్3-వీఎన్వ్ వేసి, వీఎన్వ్‌ను (విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) నేరుగా /ఆప్ట్ కిందే తయారు చేసి, అందులోని పిప్‌తో ఇన్‌స్టాల్ చేయండి. హోమ్‌లో చేసి తర్వాత మారిస్తే లోపలి స్క్రిప్టులు పాత దారినే పట్టుకుని ఉంటాయి. అప్పుడు చెరిపేసి మళ్లీ తయారు చేయడమే సులువు.

ప్రశ్న: ఒక్క పాత మెషీన్‌లోనే డౌన్‌లోడ్ దగ్గర ‘సర్టిఫికెట్ ఈజ్ నాట్ యెట్ వాలిడ్’ అని వస్తోంది. – గుంతకల్లు

జవాబు: ‘డేట్’ కొట్టి చూడండి, ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. అందుకే సర్టిఫికెట్ మొదలయ్యే తేదీ ఇంకా రాలేదని మెషీన్ అనుకుంటోంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. నెట్‌వర్క్‌లో యూడీపీ 123 పోర్టు (నెట్ నుంచి సరైన టైము వచ్చే దారి) మూసి ఉంటే గడియారం తనంతట తాను సరికాదు. పవర్ వైరు పీకి, 3 వోల్టుల కొత్త బ్యాటరీ ప్లస్ వైపు పైకి ఉండేలా వేసి, బయోస్‌లో తేదీ సరిచేయండి.