క్లినిక్‌లో చేరే ముందు

అమ్మాయీ,

నర్సుగా ఐసీయూ నైట్ డ్యూటీలు ఇక నావల్ల కావడం లేదని, గుంటూరు కొత్తపేటలో పిల్లల డాక్టరు గారి క్లినిక్‌లో చేరదామనుకుంటున్నానని రాశావు. చేరు, వద్దనను. పని తేలికని మాత్రం వెళ్లకు.

ఆసుపత్రిలో కేక వేస్తే పక్క బెడ్ సిస్టరో డ్యూటీ డాక్టరో పరుగున వస్తారు. క్లినిక్‌లో డాక్టరు గారు భోజనానికి వెళ్లారంటే మిగిలేది నువ్వూ, చీటీలు రాసే కుర్రాడూ. అందుకే మాట ఇచ్చే ముందు ఒక సాయంత్రం ఓపీ వేళకు వెళ్లి కాసేపు కూర్చుని అన్నీ గమనించు.

ముందు ఫ్రిజ్ తెరిపించి చూడు. థర్మామీటరు 2 నుంచి 8 డిగ్రీల మధ్య చూపించాలి. టీకాలు తలుపు అరల్లో ఉండకూడదు, ఫ్రీజర్‌కు ఆనుకునీ ఉండకూడదు. పెంటావాలెంట్, హెపటైటిస్ బి లాంటి టీకాలు ఒక్కసారి గడ్డకట్టాయంటే ఇక పారేయాల్సిందే. వాటి పక్కనే పెరుగు గిన్నె కనిపించిందా, చేరిన రోజు నీ మొదటి పని ఏమిటో తెలిసిపోయినట్టే.

తర్వాత ఎమర్జెన్సీ ట్రే. తీవ్రమైన అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఆంప్యూల్ మీద గడువు తేదీ చదువు. ఆక్సిజన్ సిలిండర్ ఉంటే సరిపోదు, అందులో గ్యాస్ ఉండాలి, పసిపిల్లలకు సరిపడే మాస్కూ ఉండాలి. టీకా వేశాక బిడ్డను అరగంట కూర్చోబెడుతున్నారో లేదో చూడు. తీవ్రమైన అలర్జీ రియాక్షన్ వస్తే తొడ కండలోకి కిలో బరువుకు 0.01 మిల్లీలీటరు చొప్పున అడ్రినలిన్ ఇవ్వాలని నీకు తెలుసు. డాక్టరు గారు లేనప్పుడు అది ఇచ్చే అధికారం నీకుందని ఆయన చేత ముందే రాయించుకో. మొహమాటపడకు.

తల్లులు ఫోన్ చేసి, “డాక్టరు గారు లేకపోతేనేం, నువ్వు చెప్పు సిస్టర్, నీకు తెలియనిదా” అంటారు. ఆ పొగడ్తకు కరిగి యాంటీబయాటిక్ పేరు చెప్పావంటే తర్వాత నీ తరఫున మాట్లాడేవారు ఉండరు. డాక్టరు గారు ఫోన్‌లో చెప్పిన ప్రతి ఆర్డరూ టైముతో సహా రిజిస్టర్‌లో రాసి, వచ్చాక సంతకం పెట్టించు. మొదట్లో విసుక్కుంటారు, పెట్టించు.

ఇక డబ్బు సంగతి. పదిమంది సిబ్బంది లేనిచోట ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, మామూలుగా వర్తించదు, ఇరవైమంది లేకపోతే పీఎఫ్ తప్పనిసరి కాదు. ఆ లోటంతా కలుపుకుని జీతం అడుగు. పాత పీఎఫ్ తీసేసుకోకు, దాంతో వచ్చే పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. ఇప్పుడున్న ఆసుపత్రిలో నీకు ఐదేళ్లు నిండడానికి కొద్ది నెలలే ఉంటే ఓపిక పట్టు, గ్రాట్యుటీ వస్తుంది. రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం చేతికి తీసుకున్నాకే బయటికి రా. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం కొత్తచోట ఎవరి బీరువాలోనూ పెట్టకు, జిరాక్సులు చాలు.

గల్ఫ్ ఆలోచన ఇంకా మనసులో ఉంటే మాత్రం ఆగు. అక్కడి ఉద్యోగాల్లో చాలావాటికి ఆసుపత్రి అనుభవమే లెక్క. క్లినిక్‌లో గడిచిన ఏళ్లు ఆ ఖాతాలో పడకపోవచ్చు.

జీతం మాట్లాడేటప్పుడు ఆదివారం సంగతీ తేల్చుకో. పిల్లల డాక్టర్లు చాలామంది ఆ పూట కూడా చూస్తారు.

మీ పెద్దమ్మ