ఆ ర్యాక్ తలుపు తీయడానికి భయపడకు

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ నీకే అప్పగించారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. గోడకున్న ర్యాక్ అనే ఇనప పెట్టెలో ఆ వైర్ల చిక్కు చూసినప్పటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదని కూడా చెప్పింది. టెన్షన్ పడకు. ముప్పై కంప్యూటర్ల ల్యాబ్‌కి ఆ పెట్టెలో ఉండేవి మూడు రకాల డబ్బాలే. ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే, నెట్ పోయిన రోజు ముందు దేన్ని అనుమానించాలో తెలుస్తుంది. పాతికేళ్లుగా నేను చేస్తున్న పని అదే.

మొదటి రోజు దేన్నీ ముట్టుకోకు. వీధి స్తంభం నుంచి లోపలికి వచ్చే సన్నటి ఫైబర్ వైరు పట్టుకుని చూస్తూ వెళ్లు. అది దూరే డబ్బాని అందరూ మోడెం అంటారు, అసలు పేరు ఓఎన్‌టీ. మోడెం అంటే ఫోన్ లైన్ రోజుల మనిషి. కంప్యూటర్ సంకేతాలని ఫోన్‌లో వెళ్లే శబ్దాలుగా మార్చేది, కనెక్ట్ అయ్యేటప్పుడు కీచుమని గోల చేసేది. దాని వేగం మహా అయితే సెకనుకి 56 కిలోబిట్లు. ఈ ఓఎన్‌టీ మాత్రం ఫైబర్‌లో వచ్చే వెలుగుని కరెంటు సంకేతంగా మారుస్తుంది. దీని మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగితే, బయటి నుంచి వెలుగు రావడం లేదని అర్థం. ఇక నువ్వు లోపల ఎన్ని వైర్లు పీకి పెట్టినా లాభం లేదు, నెట్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చెయ్యి. ఫైబర్ వైరుని మడిచి కట్టకు, దాని కొసలోకి కన్ను పెట్టి చూడకు.

రెండోది రౌటర్. బయటి ప్రపంచానికి మీ ల్యాబ్ అంతా ఒకే అడ్రస్. లోపల ముప్పై మందికీ 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు పంచేది, ఎవరడిగిన పేజీ వాళ్లకి చేర్చేది ఇదే. ఏదైనా కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, దానికి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. ముందు ఆ కంప్యూటర్ కేబుల్ చూడు.

మూడోది స్విచ్, బోలెడు రంధ్రాలున్నది. పూర్వం దీని చోట హబ్ ఉండేది. దానిది దండోరా పద్ధతి, ఒకరి మాట అందరికీ వినిపించేది. స్విచ్ అలా కాదు, ఏ రంధ్రంలో ఏ కంప్యూటర్ ఉందో గుర్తుపెట్టుకుని అక్కడికే పంపుతుంది.

ఈ స్విచ్ దగ్గరే ఒకసారి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక కాలేజీలో ఆన్‌లైన్ పరీక్ష రోజున నెట్ మొత్తం పడిపోయింది. రౌటర్ మార్చాను, నెట్ ఇచ్చినవాళ్లతో గొడవపడ్డాను. మూడు గంటలు పోయాక గాని స్విచ్ లైట్ల వంక సరిగ్గా చూడలేదు. అన్నీ ఒక్కసారిగా, పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. ఒక్కో కేబుల్ పీకుతూ పోతే తేలింది: ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉన్నాయి. పొద్దున ఊడ్చిన ఆయమ్మ, "కింద పడుంది కదా అని ఖాళీగా ఉన్నచోట పెట్టాను సారూ" అంది. పాపం, మంచి బుద్ధితోనే పెట్టింది. అందరికీ అని పంపిన మాట ఆ కేబుల్‌లో తిరిగి తిరిగి వచ్చి, ఇంకెవరి మాటకీ చోటు లేకుండా చేసింది. తప్పు నాదే. పనికిరాని కేబుల్‌కి ఒక కొస పీకి వేలాడనిచ్చి, రెండోది స్విచ్‌లోనే వదిలేశాను. నువ్వు పీకితే రెండు కొసలూ పీకు. ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా ఒకే నంబరు అంటించు.

కేబుల్ దగ్గర పొదుపు వద్దు. అల్యూమినియం తీగకి రాగి పూత పూసినవి చవగ్గా అమ్ముతారు, అవి తీసుకోకు. అచ్చమైన రాగితో చేసిన క్యాట్ 6 రకం నెట్ కేబుల్ అడుగు, ఒక్కో లైను వంద మీటర్లు దాటనివ్వకు. గిగాబిట్ వేగం, అంటే సెకనుకి 1000 మెగాబిట్లు, ఉండాల్సిన కంప్యూటర్‌లో 100 అని కనిపిస్తే కొస కత్తిరించి మళ్లీ క్రింప్ చెయ్యి, అంటే కొత్త కనెక్టర్ బిగించు. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. సాధారణంగా అక్కడ ఏదో ఒక తీగ పిన్నుకి తగలదు.

ఇంకొకటి. స్టాఫ్ రూమ్‌లో వైఫై కావాలని ఎవరో ఒక సారు ఇంట్లో పాత రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కి తగిలిస్తారు. అది కూడా అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది, సగం ల్యాబ్‌కి నెట్ ఉండదు. అక్కడ కావలసింది యాక్సెస్ పాయింట్, వైరుని వైఫైగా మార్చి ఊరుకునేది. వద్దని చెప్పడానికి మొహమాటపడకు.

ఆ మూడు డబ్బాలనీ యూపీఎస్ మీద పెట్టించు. క్రింపింగ్ టూల్ మాత్రం కొనకు, వచ్చే ఆదివారం వచ్చినప్పుడు నాది తెస్తాను. ఒక పాత కేబుల్ ముక్క, పది కనెక్టర్లు దగ్గర పెట్టుకో. మొదటి నాలుగైదు ఎలాగూ పాడుచేస్తావు.

అమ్మని, బావగారిని అడిగానని చెప్పు.

మీ మామయ్య