ప్రశ్నలు – జవాబులు: ప్రత్యేక తరగతి సాయంత్రం కాదు, పొద్దున పెట్టండి

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఈ ఏడాది ఆరో తరగతిలో 60 మంది చేరారు. ఇరవై మందికి పైగా తెలుగు కూడబలుక్కుని చదువుతున్నారు, తీసివేతలు రావు. వాళ్ల కోసం సాయంత్రం ప్రత్యేక తరగతి పెడితే పది రోజులకే ఆగిపోయింది. హెచ్ఎంగా నేనేం చేయగలను?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, నంద్యాల జిల్లా

జవాబు: సాయంత్రం తరగతి ఎక్కడైనా అలాగే ఆగిపోతుంది. పిల్లలు అలసిపోయి ఉంటారు, పక్క ఊరి ఆటో వెళ్లిపోతుంది. పైగా ఎవరెవరు ఆగారో తోటి పిల్లలందరూ చూస్తారు. ఆ పని బడి వేళల్లో, టైంటేబుల్లో ఉండాలి. టైంటేబుల్ వేసేది మీరే కాబట్టి ఇది మీవల్ల తప్ప ఇంకెవరివల్లా కాదు. బీహార్, ఉత్తరాఖండ్ ప్రభుత్వ బడుల్లో పిల్లల స్థాయిని బట్టి బోధించే పద్ధతిలో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి ఊరుకుంటే పిల్లల చదువులో మార్పు కనిపించలేదు. 2012–13లో హరియాణాలో అదే పద్ధతికి రోజూ ఒక గంట విడిగా కేటాయించి, పిల్లల్ని తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెడితే చదవడం మెరుగుపడింది.

ముందు ప్రతి పిల్లవాడినీ విడిగా కూర్చోబెట్టి నోటితో చదివించండి. రాత పరీక్షలో పక్కవాడి పేపరు కూడా కలుస్తుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ, పిల్లల చదువు, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే మెట్లు చాలు: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. లెక్కల్లో అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తీసుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా 60 మందికి 300 నిమిషాలు. ముగ్గురు టీచర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి 100 నిమిషాలే.

తప్పును తప్పని కొట్టేయకుండా అది ఎలా వచ్చిందో రాసుకోమనండి. 'పుస్తకం'ని 'పుసతకం' అని చదివిన పిల్లవాడికి అక్షరాలు వచ్చు, ఒత్తులు రావు. వాణ్ణి మళ్లీ అఆల దగ్గర కూర్చోబెడితే విసుగొచ్చి బడి మానేస్తాడు. 52 లోంచి 27 తీసేస్తే 35 అని రాసిన అమ్మాయి 7 లోంచి 2 తీసింది, 5 లోంచి 2 తీసింది. అంటే ఎక్కడైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలని నేర్చుకుంది. ఎక్కం అప్పజెప్పించినంత మాత్రాన అది పోదు. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ఇచ్చి 27 పుల్లలు తీసి ఇమ్మనండి. ఒక కట్ట విప్పక తప్పదు. విడి పుల్లలు 12 అవుతాయి, 7 తీస్తే 5. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీస్తే 2. తన చేత్తో విప్పితేనే 25 ఎలా వచ్చిందో అర్థమవుతుంది.

ఇక టైంటేబుల్. ఆరు, ఏడు తరగతులకు మొదటి పీరియడ్ ఒకే సమయంలో పెట్టి, రెండు తరగతుల పిల్లల్నీ కలిపి నాలుగు గుంపులు చేయండి. మూడు రోజులు తెలుగు, మూడు రోజులు లెక్కలు. గుంపులు రెండింటికీ వేరువేరుగా ఉండాలి. చదవడం రానివాడికి లెక్కలు బాగా రావచ్చు. అన్నిటికంటే కింది గుంపులో పదిహేను మందికి మించకూడదు. మీ బడిలో అందరికంటే బాగా చెప్పే టీచర్‌ని పదో తరగతి నుంచి ఆ ఒక్క పీరియడ్‌కి తెచ్చి అక్కడ వేయండి. స్టాఫ్ మీటింగ్‌లో దీనికి అభ్యంతరాలొస్తాయి, పదో తరగతి ఫలితాలు పడిపోతాయంటారు. అయినా మీరు నిలబడాల్సింది ఇక్కడే. కొత్తగా వచ్చినవారినో వాలంటీర్‌నో ఆ గుంపుకి పంపితే మిగతాదంతా కాగితం మీదే మిగులుతుంది.

నాలుగు వారాలకోసారి మళ్లీ చదివించి గుంపులు మార్చండి. మార్చకపోతే పిల్లలే కింది గుంపుకి 'మొద్దుల గది' అని పేరు పెడతారు. రెండుసార్లు పరీక్షించినా కదలని పిల్లవాడుంటే ముందు కళ్లు, చెవులు చూపించండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు అలాంటి పిల్లల పేర్లు ముందే రాసి ఇవ్వండి.

ప్రశ్న: దీనివల్ల బాగా చదివే పిల్లలకు నష్టమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: పై గుంపుకి కూడా ఆ పీరియడ్‌లో పనుంటుంది: లైబ్రరీ పుస్తకం చదివి సొంత మాటల్లో రాయడం, నోటితో కట్టిన లెక్కను వాక్యాల్లో వివరించడం. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో ఆ నోటుబుక్కులు చూపించండి. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ప్రతి బిడ్డ సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన ఇవ్వడం టీచర్ విధి అని కూడా చెప్పండి. ఇది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు.

ప్రశ్న: పత్తి పనుల రోజుల్లో సగం మంది రారు. మార్కులు అప్పుడే పడిపోతాయి.

జవాబు: తరగతి సగటు చూస్తే ఇది కనబడదు. మార్కుల రిజిస్టర్ పక్కన హాజరు పెట్టి అమ్మాయిలు, అబ్బాయిలు, ఏ వాడ నుంచి వస్తారు అని విడదీసి చూడండి. మానేసేది ఒకే వాడ పిల్లలని తేలితే, పని మొదలవక ముందే కమిటీలోని ఆ వాడ తల్లులతో మాట్లాడండి. వరసగా మూడు రోజులు రాని పిల్లల పేర్లు మూడో రోజు సాయంత్రానికల్లా మీ బల్ల మీదుండాలి. తిరిగొచ్చిన రోజున పిల్లని నేరుగా నడుస్తున్న పాఠంలో కూర్చోబెట్టకుండా, మొదటి పీరియడ్‌లో ఐదు నిమిషాలు చదివించి గుంపు తేల్చండి.