పాత పళ్ల సెట్టే హాయిగా ఉందంటే...

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. అమ్మకు 71 ఏళ్లు. 13 ఏళ్ల కిందట కట్టించిన పళ్లు అరిగిపోయి, మాట్లాడుతుంటే కింది సెట్టు లేచొస్తోందని ఈమధ్యే నెల్లూరులో కొత్తవి చేయించాం. నాలుగు రోజులు పెట్టుకుంది. ఎడమ పక్క ఒరుసుకుని పుండు పడిందని తీసి డబ్బాలో పెట్టేసింది. ‘పాతవే హాయిగా ఉండాయి’ అంటోంది. డబ్బులు దండగేనా డాక్టరు గారూ?
- ఒక కూతురు, కావలి

జవాబు: దండగ కాలేదమ్మా. ఆ సెట్టు పని ఇంకా పూర్తి కాలేదు, అంతే. పళ్లు చేతికొచ్చిన రోజుతో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో సగం పని ఆ రోజునే మొదలవుతుంది.

పళ్లు తీయించుకున్నాక దవడ ఎముక ఏటేటా కరుగుతూనే ఉంటుంది. పై దవడ కంటే కింది దవడ ఇంకా ఎక్కువ కరుగుతుంది. పదమూడేళ్ల కిందట చిగురుకు అతికినట్టున్న సెట్టు కింద ఇప్పుడు ఖాళీ ఏర్పడి ఉంటుంది. అది జారకుండా పట్టుకోవడం అమ్మగారి నాలుక, బుగ్గలు నేర్చుకున్నాయి. ఆ అలవాటునే ఆమె హాయి అంటున్నారు. కానీ నోటి మూలలు పగిలి తడిగా ఉంటున్నాయేమో, పై సెట్టు తీస్తే అంగిలి ఎర్రగా కందిపోయి ఉందేమో చూడండి. అరిగి వదులైన సెట్టును ఏళ్ల తరబడి వాడేవాళ్లలో ఇవి మామూలే. అంగిలి మీద ఎరుపు చాలాసార్లు ఫంగస్ వల్ల వస్తుంది, దానికి మందు వాడాలి.

చేసిన డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లండి. కావలి నుంచి మళ్లీ మళ్లీ బస్సెక్కడం ఆ వయసులో కష్టమే, కానీ ఈ రెండు మూడు సార్లు తప్పదు. వెళ్లే రోజు పొద్దున్నుంచీ కొత్త సెట్టు నోట్లోనే ఉండాలి. పుండు మానాక ఖాళీ నోటితో వస్తే ఎక్కడ ఒరుస్తోందో మాకు కనపడదు. ఎర్రబడ్డ చోటు తెలిస్తే, సెట్టు లోపలి పక్క దానికి సరిపోయే చోట గుర్తు పెట్టి, ఆవగింజంత అరగదీస్తాం. కాసేపటి పని.

ఇంట్లో మాత్రం గీకకండి. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దస్తీ ముడి విప్పి సెట్టు నా చేతిలో పెట్టారు. గరుకు కాగితంతో అంచంతా రుద్దేశారు. పుండు ఒక చోట, ఆయన రుద్దింది ఇంకో చోట. అంచు పోయి గాలి చొరబడేసరికి పట్టు మొత్తం పోయింది. మళ్లీ అచ్చు తీయాల్సి వచ్చింది.

మొదటి వారం మెత్తటి అన్నం, పప్పు, ఇడ్లీ పెట్టండి. రెండు పక్కలా కొంచెం కొంచెంగా నమలాలి. ఒక పక్కే నమిలితే రెండో పక్క లేస్తుంది. మన వైపు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది చేపల పులుసు గురించి. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి ముల్లు తగిలినా, పులుసు వేడిగా ఉన్నా సరిగా తెలియదు. గొంతు దాకా పోయాక తెలిసి లాభం లేదు. అలవాటయ్యేదాకా ముళ్లు మీరే తీసిపెట్టండి. కొర్రమీనయితే ముళ్ల బెడద తక్కువ.

మొదట్లో నోట్లో నీళ్లు ఎక్కువ ఊరతాయి, అది తగ్గిపోతుంది. మాట తడబడితే రోజూ పేపరు పైకి చదివించండి. రాత్రి సెట్టు తీసి మామూలు నీళ్లలో వేయాలి. వేడినీళ్లు పోస్తే వంకర పోతుంది. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది కాబట్టి సబ్బు, మెత్తటి బ్రష్‌తో తోమండి. కింద నీళ్లున్న గిన్నె పెట్టుకుని కడిగితే చేయి జారినా పగలదు.

అన్ని సర్దుబాట్లూ అయ్యాక కూడా కింది సెట్టు నిలవకపోతే, దవడ ఎముకలో రెండు ఇంప్లాంట్లు (చిన్న లోహపు మరలు) వేసి సెట్టును వాటికి బిగించే పద్ధతి ఉంది. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో 2002లో సమావేశమైన నిపుణులు, పళ్లన్నీ పోయిన కింది దవడకు మొదటి ఎంపికగా దీన్నే సూచించారు. ఖర్చు బాగానే అవుతుంది. షుగరుంటే ముందు అదుపులోకి రావాలి.

ఒరుపు సరిచేయించాక కూడా పుండు రెండు వారాల్లో మానకపోయినా, వేలితో తాకితే గట్టిగా అనిపించినా, ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించండి. అమ్మగారికి పొగాకు, వక్క అలవాటుంటే ఇంకా జాగ్రత్త. వెళ్లేటప్పుడు పాత సెట్టు కూడా తీసుకెళ్లండి. ఆ పళ్ల వరస చూస్తే ఆమె నాలుకకు ఏ చోటు అలవాటో డాక్టరుకు తెలుస్తుంది.