సైకిల్ సందేహాలు: ఉప్పుగాలి, ఇసక, బ్రేకులు

ప్రశ్న: బరంపురం నుంచి గోపాలపూర్ వైపు డ్యూటీకి రోజూ రోడ్ బైక్ మీదే వెళ్తానండి. వానలు మొదలైన దగ్గర్నుంచి ముందు బ్రేకు పట్టుకుంటే కీచుమని వీధంతా వినబడేలా అరుస్తోంది, పైగా ఆగాల్సిన చోట ఆగట్లేదు. షాపులో చూపిస్తే వైరు టైట్ చేసి ఇచ్చారు, కొన్నాళ్ళు బాగుంది, మళ్ళీ అదే కత. రిమ్ము మీద నల్లటి జిడ్డు కూడా పడుతోంది. బ్రేకులు మొత్తం మార్చేయాలా?
- ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మార్చక్కర్లేదండి, ముందు కడగండి. వైరు బిగిస్తే బ్రేకు రబ్బరు రిమ్ముకి దగ్గరవుతుంది, అంతే, ఆ రెండింటి మధ్య ఉన్న మురికి ఎక్కడికీ పోదు. మీరు చెప్పిన ఆ నల్ల జిడ్డు ఏంటంటే అరిగిన రబ్బరు పొడి, అరిగిన అల్యూమినియం పొడి, వాన నీళ్ళు కలిసిన ముద్ద. అందులో ఇసక కూడా చేరితే మీరు బ్రేకు పట్టిన ప్రతిసారీ రిమ్ముని సాన పట్టినట్టే. మన తీరంలో ఇసక మామూలు ఇసక కూడా కాదు, ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళు ఇల్మెనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలు తీసేది ఈ బీచ్ ఇసకలోంచే, ఆ గార్నెట్‌నే శాండ్ పేపర్ల తయారీకి కూడా వాడతారు. అల్యూమినియం దాని ముందు చాలా మెత్తన.

ఇంటికి రాగానే సైకిల్‌ని గోడకి ఆనించేసి లోపలికి పోకుండా ఒక మగ్గు నీళ్ళు రెండు రిమ్ముల మీద పోసి, స్పాంజి మీద అంట్ల సబ్బు ఒక చుక్క వేసి రిమ్ము పక్కల రెండు వైపులా తుడిచి, మళ్ళీ మంచి నీళ్ళు పోసి పొడి గుడ్డతో ఆరబెట్టండి. ఆ గుడ్డ రిమ్ములకే ఉంచండి, చైను తుడిచిన గుడ్డ పొరపాటున కూడా రిమ్ముకి తగలకూడదు, నూనె అంటిన రిమ్ము మీద బ్రేకు జారిపోతుంది. సబ్బుకి పోని జిడ్డుంటే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి తడిపి తుడవండి.

తర్వాత రబ్బర్లు. అలెన్ కీతో విప్పి వెలుతురులో పెట్టి చూడండి, అక్కడక్కడ మెరుస్తూ సన్నటి లోహపు ముక్కలు కనబడతాయి, అవి మీ రిమ్మువే. పిన్నీసు మొనతో ఒక్కొక్కటే పీకెయ్యండి, ఇసక రేణువులు కూడా. పైభాగం గాజులా నున్నగా అయిపోయుంటే ఎమరీ పేపరు మీద నాలుగు రుద్దులు రుద్దండి. రబ్బరులో గాడులు ఉంటాయి కదా, అవి అరిగిపోయి కనబడకపోతే మాత్రం ఇక రుద్దడాలు లేవు, కొత్తవి వేయించాల్సిందే.

బిగించేటప్పుడు కీచు శబ్దం సంగతి చూడాలి. చక్రం తిరిగే దిశలో రబ్బరు ముందు అంచు రిమ్ముకి ఒక పిసరు ముందుగా తగలాలి, సుమారు 1 మిల్లీమీటరు తేడా చాలు. దానికి రబ్బరు వెనక కొసకీ రిమ్ముకీ మధ్య మడతపెట్టిన అట్టముక్క పెట్టి, బ్రేకు లివరు పట్టుకుని ఉండగానే బోల్టు బిగించి, అట్టముక్క తీసెయ్యండి. ఇద్దరుంటే సులువు, ఒకరు లివరు పట్టుకుంటే ఒకరు బిగించొచ్చు. రబ్బరు టైరుకి తగలకుండా చూడండి, టైరు పక్క గోడ కోసుకుపోతుంది. రబ్బరు రిమ్ము కంటే కిందకి వేలాడినా మంచిది కాదు.

ఇంకొకటి, ఇది కచ్చితంగా చూడండి: చాలా రిమ్ముల పక్కన ఒక సన్నటి గాడి గానీ చిన్న చుక్కలాంటి గుంట గానీ ఉంటుంది, అది అరుగుదల గుర్తు. అది కనబడకుండా పోయినా, గోరు పెట్టి రాస్తే పక్క లోపలికి వంగినట్టు అనిపించినా రిమ్ము పని అయిపోయిందని లెక్క. రోడ్ బైక్ టైర్లలో 80, 100 పీఎస్ఐ దాకా గాలి ఉంటుంది, పల్చబడ్డ రిమ్ము ఆ ఒత్తిడికి నడుస్తుండగానే చీలిపోవచ్చు, అందుకే అంత గట్టిగా చెప్తున్నాను.

గోపాలపూర్ వైపు ఉప్పుగాలి కాబట్టి కడిగి ఆరాక బ్రేకు కీళ్ళ దగ్గర ఒక చుక్క, వైరు బయటికొచ్చే చోట ఒక చుక్క నూనె వెయ్యండి, కారిందేమైనా ఉంటే వెంటనే తుడిచెయ్యండి. సీటు గొట్టాన్ని కూడా అప్పుడప్పుడు బయటికి తీసి గ్రీజు రాసి పెట్టండి, స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఉప్పు తేమకి పట్టేసిందంటే ఇక ఎంత లాగినా రాదు. గొట్టంగానీ ఫ్రేముగానీ కార్బన్‌దైతే మామూలు గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టు అమ్ముతారు.

ప్రశ్న: బైకులు కడిగే వాటర్ సర్వీసింగ్ దగ్గరే సైకిల్ కూడా కడిగిస్తున్నా, తళతళా మెరుస్తుంది. ఏమైనా నష్టమా?
- ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: నష్టమే. ఆ ప్రెషరుకి నీళ్ళు చక్రాల మధ్యలో ఉండే హబ్బుల్లోకి, పెడల్ ఇరుసు లోపలికి, హ్యాండిల్ బేరింగుల్లోకి దూరి లోపలి గ్రీజుని తోసేస్తాయి, పైకి మెరుస్తుంది లోపల తుప్పు మొదలవుతుంది. మగ్గుతో పోసుకుంటే చాలు. ముందు చైను, చివర చక్రాలు, ఎందుకంటే చైను మడ్డి కారి కడిగిన రిమ్ము మీదే పడుతుంది. చైనుకి కిరసనాయిలు తడిపిన గుడ్డ పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పితే మడ్డి వచ్చేస్తుంది, బాగా ఆరాక లింకుకో చుక్క చైన్ ఆయిల్ వేసి, పైన మిగిలిందంతా తుడిచెయ్యండి. పైన తడిగా కనబడే నూనె ఇసకని పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ప్రశ్న: నాది డిస్క్ బ్రేకు రోడ్ బైక్ అన్నా. జయపురం నుంచి కొరాపుట్ ఘాటీ ఎక్కి ఆఫీసుకి పోతాను, సాయంత్రం దిగుడు. మొన్న చైనుకి స్ప్రే కొట్టాను, అప్పట్నుంచి వెనక బ్రేకు ఏనుగులా అరుస్తోంది, పట్టు కూడా లేదు.
- ఒక పాఠకుడు, జయపురం

జవాబు: స్ప్రే తుంపర డిస్కు మీద పడింది తమ్ముడూ. ఘాట్లో దిగే బండి, కాబట్టి ఇది బాగయ్యేదాకా దాని మీద దిగొద్దు, బస్సులో పో. డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడువు, గుడ్డ నల్లబడటం ఆగేదాకా. డిస్కుని నొక్కిపట్టే ప్యాడ్లు నూనె పీల్చేసుంటే కాల్చడం, గీకడం లాంటి చిట్కాలు చెప్తారు గానీ ఘాట్ రోడ్డుకి నేను వాటిని నమ్మను, కొత్త ప్యాడ్లు వేసుకో. వేశాక చదునైన ఖాళీ రోడ్డు మీద కాస్త స్పీడు అందుకుని, పూర్తిగా ఆగకుండా నడక స్పీడు దాకా బ్రేకు పట్టి వదులు, ముందుదీ వెనకదీ ఒక్కోటి ఇరవై సార్లు చెయ్యి, అప్పుడు ప్యాడు డిస్కుకి కుదురుకుంటుంది.

సైకిల్ బ్రేకులు తయారుచేసే షిమానో వాళ్ళ లెక్కన ప్యాడు మందం 0.5 మిల్లీమీటరుకి వస్తే మార్చాలి, డిస్కు 1.5కి వస్తే అది కూడా. దిగుడులో బ్రేకు అదే పనిగా పట్టుకుని ఉండకు, మలుపుకి ముందు గట్టిగా పట్టి స్పీడు తగ్గించి వదిలెయ్, డిస్కుకి చల్లారే టైము దొరుకుతుంది. కిందకి దిగాక చెయ్యి పెట్టి చూడకు, కాలుద్ది. ఇక నీది ఆయిల్ బ్రేకు అయితే ఏ ఆయిలో లివరు మీద చదివి అదే పోయించు, మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ ఫ్లూయిడ్ అనే వేరే రకం బ్రేకు ఆయిల్ పోస్తే లోపల సీళ్ళు పాడైపోతాయి.

ప్రశ్న: మా బాబు గిరిసోల నుంచి బరంపురం కాలేజీకి సైకిల్ మీద వెళ్తాడండి, మామూలు రిమ్ము బ్రేకులే. నాకు సైకిల్ గురించి ఏమీ తెలీదు. పొద్దున్న వాడు బయల్దేరే ముందు నేను చూడగలిగినవి ఏవైనా ఉంటే చెప్పండి.
- ఒక తల్లి, గిరిసోల

జవాబు: ఉన్నాయమ్మా, రెండు నిమిషాల పని. బ్రేకు లివరు గట్టిగా పట్టండి, హ్యాండిల్‌కి తగిలేంత దగ్గరికి వచ్చేస్తే వైరు సాగిందనో రబ్బరు అరిగిందనో అర్థం. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకి తొయ్యండి, వెనక చక్రం నేల నుంచి లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే చక్రం తిరక్కుండా ఈడ్చుకుపోవాలి. టైరు బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే గాలి కొట్టించమనండి. ఎన్‌హెచ్-16 మీద లారీల పక్కన వెళ్ళే పిల్లాడు కాబట్టి వెనక లైటు వెలుగుతోందో లేదో కూడా.

వాన రోజు ఒక మాట గట్టిగా చెప్పండి, తడి రిమ్ము మీద మొదట బ్రేకు దాదాపు పట్టదు, నీళ్ళు తుడుచుకుపోయాక ఒక్కసారిగా పట్టేస్తుంది, అందుకని ఆగాల్సిన చోటుకి చాలా ముందు నుంచే లివరు మెల్లగా నొక్కుతూ రావాలి.

చివరిగా వైరు. లివరు దగ్గర, కింద బోల్టు బిగించిన దగ్గర చూడండి, సన్నటి పోగులు అల్లి ఉంటాయి. వాటిలో ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా ఆ రోజు బాబుని బస్సులో పంపండి, సాయంత్రం షాపులో వైరు మార్పించండి, ఖర్చు తక్కువే. వైరు మీదుండే తొడుగు, అదే కేసింగు, కూడా తుప్పు పట్టి ఉంటే రెండూ కలిపే మార్చమనండి, పాత కేసింగులో కొత్త వైరు వేస్తే లివరు బరువుగానే ఉంటుంది.